స్త్రీలూ, యుద్ధమూ, మన సాహిత్యమూ

ఆమధ్య నౌపడలో జరిగిన ఒక వక్తృత్వపు పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్ళాను. నాతోపాటు మరి ఇద్దరు పెద్దలు వున్నారు. విషయం: “దేశంలో నిర్బంధ సైనికసేవ ప్రవేశపెడితే స్త్రీలను కూడా చేర్చుకోవాలా?” పిల్లలు రెండు పక్షాలుగా విడిపోయారు. హక్కుల్లో సమానత్వం కోరేవాళ్ళు చావులోనూ సమానత్వం ఒప్పుకోవాలని ఒక పక్షం వాదించింది. స్త్రీ ప్రాణం పోసేదేగాని తీసేది కాదు, ఆమె చేతికి తుపాకీ ఇవ్వటం సృష్టిధర్మానికి విరుద్ధమని రెండో పక్షం వాదించింది. రెండు పక్షాలకూ చప్పట్లు బాగానే పడ్డాయి.

చివర ఒక అమ్మాయి లేచింది. ఉద్దానం పిల్ల. వాళ్ళ నాన్నకు మూత్రపిండాల జబ్బు. రక్తశుద్ధి కోసం ఆయన్ను వారం వారం పలాస తీసుకుపోవటం ఆమె పని. అన్న సైన్యంలో వున్నాడు. ఆ అమ్మాయి చెప్పింది రెండు మూడు మాటలే: “రేపు సర్కారు అందరినీ పిలిస్తే, ఆడదాన్నని నన్ను వదిలేస్తారు. మా నాన్నకు ఆధారం నేనే గనక వదలరు. నేను మగవాణ్ణయితే మా నాన్న సంగతి ఎవరికీ పట్టదా?” ఇంతే చెప్పి కూర్చుంది.

ఆమెకు మేము బహుమతి ఇవ్వలేదు. విషయానికి దూరంగా పోయిందన్నాం. ఆ నిర్ణయం మీద నేనూ సంతకం పెట్టాను. ఆ రాత్రి బండిలో ఇంటికి వస్తూ ఆలోచిస్తే, విషయానికి దగ్గరగా వచ్చింది ఆమె ఒక్కతే అనీ, మిగిలినవాళ్ళంతా పాత కావ్యాల్లోని మాటలనే కొత్తగా వల్లించారనీ తోచింది. ఆ పాత మాటలను వాళ్ళకు నేర్పింది నాబోటి తెలుగు ఉపన్యాసకులే. ఈ వ్యాసం ఒక విధంగా ఆ తప్పు దిద్దుకోవటానికి.

మన దేశంలో నిర్బంధ సైనికసేవ లేదు గదా, లేని దాని మీద చర్చ ఎందుకు అని పాఠకులు అడగవచ్చు. పూర్తిగా లేదనటానికి వీలులేదు. 1962 చైనా యుద్ధం తర్వాత, 1963లో కళాశాలల్లో మగపిల్లలకు ఎన్.సి.సి.ని నిర్బంధం చేశారు. 1968లో ఆ నిర్బంధం తీసేశారు. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధుల్లో, పిలుపు వచ్చినప్పుడు దేశాన్ని రక్షించటమూ జాతీయ సేవ చెయ్యటమూ ప్రతి పౌరుని విధి అని వుంది. పౌరుడంటే అక్కడ స్త్రీ కూడాను. అంటే పిలుపు రాలేదేగాని, పిలిచేందుకు తలుపు తెరిచే వుంది.

ఈ ప్రశ్నకు చట్టంలో జవాబు వెతికేముందు సాహిత్యంలో వెతకాలి. ఎందుచేతనంటే, యుద్ధంలో స్త్రీ చోటు ఏదో మన పిల్లలకు మొదట చెప్పేది చట్టం కాదు, కథ.

ఖడ్గతిక్కన కథ తెలుగువాళ్ళందరికీ తెలుసు. నెల్లూరు మనుమసిద్ధి పక్షాన కాటమరాజు మీదికి యుద్ధానికి పోయి, ఓడి ఇంటికి వచ్చిన తిక్కనకు భార్య చానమ్మ స్నానానికి నీళ్ళు పెట్టింది. నులకమంచం అడ్డుపెట్టి, పసుపుముద్ద వుంచింది. పారిపోయి వచ్చావు గనక నువ్వూ ఆడదానివే అని దాని అర్థం. తల్లి ప్రోలమ్మ భోజనంలో విరిగిన పాలు పోసింది. తిక్కన సిగ్గుపడి తిరిగి యుద్ధభూమికి పోయాడు, చచ్చిపోయాడు. విద్యార్థిగా వున్నప్పుడు నేను ఈ చానమ్మను మెచ్చుకుంటూ నాలుగు పేజీలు రాశాను, మార్కులు కూడా బాగా వచ్చాయి. ఇప్పుడు చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. ఈ కథలో స్త్రీకి యుద్ధంలో ఒక ఉద్యోగం వుంది: ఇంట్లో కూర్చుని మగవాణ్ణి సైన్యంలోకి తోసే ఉద్యోగం. దండించటానికి ఆమె వాడిన సాధనం కూడా స్త్రీత్వమే. పసుపుముద్ద అవమానానికి గుర్తు కావాలంటే, పసుపు రాసుకునే జాతి అంతా అవమానం కిందనే బతుకుతున్నట్టు లెక్క. చానమ్మ తన భర్తను అవమానించటానికి ముందు తనను తాను అవమానించుకుంది. ఆ సంగతి కథకుడికి పట్టలేదు. నాలుగు పేజీలు రాసిన నాకూ పట్టలేదు.

పల్నాటి వీరచరిత్రకు వద్దాం. తల్లి ఐతాంబ మనసులో బాలచంద్రుణ్ణి ఆపుకోవాలని వుంటుంది. మాంచాల మాత్రం భర్త చేతికి కత్తి ఇచ్చి పంపుతుంది. లోకం మాంచాలను వీరపత్ని అన్నది. ఆపాలనుకున్న ఐతాంబను వీరమాత లెక్కలో వేసి, ఆమె ఆపాలనుకున్న సంగతిని మాత్రం పక్కన పెట్టింది. అదే కథలో నాగమ్మ వుంది. నలగామరాజు కొలువులో మంత్రాంగం నడిపిన స్త్రీ ఆమె, యుద్ధాన్ని లోపలి నుంచి నడిపిన స్త్రీ. ఆమెకు దక్కిందేమిటి? దుష్టురాలన్న పేరు. ఆమె పక్షం న్యాయమైనదా కాదా అన్నది వేరే సంగతి. యుద్ధానికి మగవాణ్ణి పంపిన స్త్రీ దేవత, యుద్ధాన్ని తానే నడిపిన స్త్రీ దయ్యం. ఈ తూకంలో మార్పు కనబడదు.

రాణిగా పాలించి యుద్ధాలు చేసిన రుద్రమదేవి సంగతి చూడండి. 1262 నుంచి 1289 దాకా కాకతీయ రాజ్యాన్ని ఏలింది. ఆమె పేరు శాసనాల్లో రుద్రదేవ మహారాజు. కత్తి పట్టినంతకాలం ఆమె కాగితం మీద మగవాడుగా వుండవలసి వచ్చింది. ఆమె మరణించిందని మనకు తెలిసింది కూడా నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి చిన్న శాసనం వల్ల.

ఇక మా ఉత్తరాంధ్ర కథ. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి బుస్సీ ఫ్రెంచి సైన్యమూ, విజయనగరం సైన్యమూ వచ్చినప్పుడు, కోట నిలవదని తెలిసిన బొబ్బిలివారు లోపలి ఆడవాళ్ళనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపి, తర్వాత పోరాడి చచ్చిపోయారు. బుర్రకథ చెప్పేవాళ్ళు ఆ ఘట్టానికి వచ్చేసరికి గుమ్మెట తగ్గుతుంది, జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు. నేనూ పెట్టుకున్నాను. కాని విమర్శకుడు కన్నీళ్ళు తుడుచుకున్న తర్వాత ఒక ప్రశ్న అడగాలి: ఆ స్త్రీలను ఎవరైనా అడిగారా? కత్తి పట్టుకుంటారా, కొండ దాటి పోతారా, చస్తారా అని? యుద్ధం నుంచి స్త్రీకి మినహాయింపు ఇవ్వటం అంటే ఆమెను యుద్ధం నుంచి కాపాడటం అనుకుంటున్నాం. బొబ్బిలిలో మినహాయింపు పొందిన స్త్రీలు యుద్ధంలో మొదట చచ్చినవాళ్ళు. వాళ్ళ చావుకు వాళ్ళ ఇష్టంతో పనిలేకపోయింది. నిర్బంధం అన్న మాటకు ఇంతకంటే పెద్ద అర్థం నాకు తెలియదు.

కనక మొదటి నిర్ణయం ఇది. మన స్త్రీలను యుద్ధంలోకి నిర్బంధంగా తీసుకోవాలా అన్న ప్రశ్న తప్పుగా వేసిన ప్రశ్న. వాళ్ళను ఎప్పుడో తీసుకున్నారు. వీరతిలకం దిద్దటానికి తీసుకున్నారు, పసుపుముద్ద పెట్టటానికి తీసుకున్నారు, పరువుగా భావించి చంపటానికి తీసుకున్నారు. జీతమూ, ఆయుధమూ, సెలవూ, పింఛనూ మాత్రం ఇవ్వలేదు. “స్త్రీ ప్రాణం పోసేది” అని చెప్పిన పక్షం ఈ చరిత్రను ఒక్కసారి చదువుకోవాలి.

తామై పోరాటంలోకి వచ్చిన స్త్రీల మాట ఏమిటి? ఇందుకు దూరం పోనక్కరలేదు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలో రైతులను పట్టుకుపోవటానికి వచ్చిన పోలీసులకు గున్నమ్మ ఎదురు నిలిచింది, కాల్పుల్లో చచ్చిపోయింది. ఈనాటికీ మా వైపు ఆమెను వీరగున్నమ్మ అనే పిలుస్తారు. ఆమెను ఎవరూ నిర్బంధించలేదు. ఎవరో వచ్చి తనను కాపాడతారని ఆమె ఆగలేదు. 1969 డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహితోపాటు కాల్పుల్లో మరణించినవారిలో పంచాది నిర్మల వుంది. ఆ ఉద్యమమార్గం మీద మన సంఘంలోనే భిన్నాభిప్రాయాలు వుండవచ్చు. కాని స్త్రీ ఆయుధం పట్టగలదా అన్న ప్రశ్నకు ఉద్దానంలో సమాధానం కోసం వెతకనక్కరలేదు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న మా నౌపడ పక్కనే వున్న కాకరాపల్లిలో, విద్యుత్కేంద్రాలు వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమాల్లో ఆడవాళ్ళు వెనక వరసలో లేరు.

తెలంగాణా సాయుధ పోరాటం సంగతి మరీ ముఖ్యం. మల్లు స్వరాజ్యం వంటివారు దళాలు నడిపారు. వాళ్ళ మాటలు పుస్తకంగా రావటానికి 1986 దాకా ఆగవలసి వచ్చింది. స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ పని చేసింది. ఆ పుస్తకంలో తుపాకీ కంటే ఎక్కువగా నన్ను నిలిపింది పోరాటం తర్వాతి సంగతి. పోరాటం ఆగింది, ఇళ్ళకు పొమ్మన్నారు. ఏ ఇంటికి? దేన్ని కాదని వచ్చారో ఆ ఇంటికే. స్వెత్లానా అలెక్సీవిచ్ సోవియట్ స్త్రీసైనికుల జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చింది 1985లో. రెండవ ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యంలో సుమారు 8 లక్షల మంది స్త్రీలు పనిచేశారు. యుద్ధం తర్వాత వాళ్ళలో చాలామంది పతకాలు పెట్టెల్లో దాచుకున్నారు, తాము యుద్ధంలో వున్నామని చెప్పుకోవటానికి జంకారు. మాస్కోకూ నల్లగొండకూ మధ్య ఇంత దూరం వుంది. ఈ విషయంలో మాత్రం రెండూ పొరుగూళ్ళు. దీన్ని అభ్యుదయవాదులం మనం దాచుకోకూడదు. పోరాటంలోకి స్త్రీని పిలవటంలో మనవాళ్ళు వెనకాడలేదు, పోరాటం నుంచి వచ్చిన ఆమెకు చోటివ్వటంలో వెనకాడారు.

ఇప్పుడు చట్టానికి వద్దాం. రాజ్యాంగం 15వ అధికరణం ప్రకారం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ప్రభుత్వం వివక్ష చూపరాదు. 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధిస్తూ, ప్రజాప్రయోజనాల కోసం నిర్బంధ సేవను విధించే అధికారం ప్రభుత్వానికి వుంచింది. అలా విధించేటప్పుడు మతం, జాతి, కులం, వర్గం కారణంగా మాత్రమే వివక్ష చూపకూడదన్నది. ఈ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చదవండి. రెండోదాంట్లో లింగం లేదు. అంటే నిర్బంధ సేవకు మగవాళ్ళను మాత్రమే పిలిచే ప్రభుత్వానికి ఆ అధికరణం అడ్డు రాదు. తెలుగు చదివినవాణ్ణి నేను, న్యాయశాస్త్రం చదవలేదు. అయినా రాసినదాన్ని చదవటంతోపాటు రాయకుండా వదిలినదాన్ని చదవటం కూడా విమర్శకుడి పని. ఆ ఖాళీలో నాకు చానమ్మ కనిపిస్తుంది.

సైన్యంలో స్త్రీల శాశ్వత ఉద్యోగాల కేసులో సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 17న తీర్పు చెప్పింది. ఆ కేసులో ప్రభుత్వం తరఫున వినిపించిన వాదాల్లో ఒకటి ఇది: జవాన్లు ఎక్కువగా గ్రామాల నుంచి వచ్చినవాళ్ళు, స్త్రీ అధికారి ఆజ్ఞను స్వీకరించటానికి వాళ్ళ మనసులు సిద్ధంగా లేవు. కోర్టు ఆ ధోరణిని అంగీకరించలేదు. మా నౌపడ ఉప్పుమళ్ళలో ఎండలో ఉప్పు మోసే ఆడవాళ్ళను, పలాసలో జీడిపిక్కలు కొట్టి చేతులు కాల్చుకునే ఆడవాళ్ళను చూస్తూ పెరిగినవాడు స్త్రీ మాట వినడని ఎవరన్నారు? వాడు పుట్టినప్పటి నుంచి వింటున్నది తల్లి మాటే. పల్లెటూరివాడి పేరు చెప్పి పట్నంలోని పెద్దమనిషి తన అభిప్రాయాన్ని దాచుకోవటం మన దేశంలో కొత్త కాదు. 2021 ఆగస్టులో కోర్టు ఉత్తర్వు వల్ల జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశపరీక్షకు ఆడపిల్లలు అర్హులయ్యారు; 2025 మేలో వాళ్ళ మొదటి బృందం బయటికి వచ్చింది. శక్తి లేదన్న వాదానికి ఇంక బతుకు లేదు.

అయితే మొదటి పక్షమే గెలిచిందా? హక్కు కావాలంటే చావు కూడా పంచుకోవాలన్న పక్షం? కాదు. వాళ్ళకూ ఒక మాట చెప్పాలి. స్త్రీలు ఓటూ ఆస్తీ అడిగినప్పుడల్లా “అయితే చావండి” అనటం సమానత్వం మీద ప్రేమ కాదు, అది ఎత్తిపొడుపు. మగవాడు నిర్బంధంగా చావటం అన్యాయమయితే, ఆ అన్యాయంలో స్త్రీకి సగం ఇచ్చినంతమాత్రాన అది న్యాయం కాదు. ఒకరి మెడలో గుదిబండ వుంటే తీసెయ్యాలిగాని, సమానత్వం పేరుతో రెండో మెడకు ఇంకొకటి కట్టరు.

పైగా ఈ నిర్బంధం ఎవరి మీద పడుతున్నదో చూడాలి. చట్టం లేకపోయినా మా వైపు నిర్బంధం వుంది. దాని పేరు పేదరికం. భూమి చాలదు, జీడికి ధర నిలవదు, వలస పోవాలి, లేదా సైన్యంలో చేరాలి. తెల్లవారుజామున మా రోడ్ల మీద పరుగు తీసే కుర్రవాళ్ళను అడగండి, ఎంతమంది యుద్ధం మీద మోజుతో పరుగెత్తుతున్నారో. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం ప్రకటించి, నాలుగేళ్ళ తర్వాత నలుగురిలో ఒక్కణ్ణే వుంచుకుంటామన్నప్పుడు, జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆందోళనకు దిగిన కుర్రవాళ్ళ మీద కాల్పులు జరిగాయి. ఒక యువకుడు చచ్చిపోయాడు. వాళ్ళు సైన్యం వద్దని పోరాడలేదు, సైన్యంలో చోటు పోతుందని పోరాడారు. ఆకలి ఇంత గట్టిగా పిలిచే చోట వేరే నిర్బంధ చట్టంతో పనేమిటి?

ఇతర దేశాల అనుభవం కూడా చూడాలి. బ్రిటను 1941 డిసెంబరులో చట్టం చేసి పెళ్ళికాని యువతులను సేవకు పిలిచింది; కాని స్త్రీ రాసి ఇస్తేనేగాని ఆమె చేత ప్రాణాంతక ఆయుధం పట్టించకూడదన్నది. ఇజ్రాయెల్ 1949 చట్టంలో స్త్రీలనూ పిలిచింది. పెళ్ళయినవాళ్ళకూ తల్లులకూ మినహాయింపు ఇచ్చింది. తండ్రులకు ఆ మినహాయింపు ఇవ్వలేదు. నార్వే 2015 నుంచి స్త్రీపురుషులిద్దరినీ ఒకే నిబంధన కిందికి తెచ్చింది. అందరినీ తీసుకోరు, అవసరమైనంతమందిని ఎంచుకుంటారు. డెన్మార్కు 2025 జులై నుంచి పద్ధెనిమిదేళ్ళు నిండే ఆడపిల్లలను కూడా చీట్ల పద్ధతిలో చేర్చింది.

వీటిలో ఇజ్రాయెల్ మినహాయింపు దగ్గర ఆగండి. తల్లిని వదిలి తండ్రిని తీసుకుంటే, బిడ్డను పెంచటం తల్లి ఒక్కదాని పని అని చట్టమే తేల్చినట్టు. సైన్యంలోకి పిలిచే చట్టం ఇంటిపనిని కూడా పంచి పెడుతున్నది. స్త్రీకి ఇచ్చిన మినహాయింపు అక్కడ సెలవు కాదు, మరొక కొలువుకు వేసిన ఉత్తర్వు. నౌపడ పోటీలో ఆ అమ్మాయి అడిగింది అచ్చంగా ఇదే. ఆమె నాన్న మంచం పక్కన వుండటం ఒక సేవ. ఆ సేవ ఉద్దానంలో ఎన్ని ఇళ్ళలో జరుగుతున్నదో పలాస ఆస్పత్రి ముందు ఒక పూట నిలబడితే తెలుస్తుంది. ఆ సేవను లెక్కలోకి తీసుకోకుండా, ఆడదని వదిలేస్తే ఆమె గౌరవం పెరగదు. సమానమని తీసుకుపోతే ఆ నాన్న గతి ఏమిటో ఎవరూ చెప్పరు. అన్న ఇంట్లో వుండి చూసుకుంటానన్నా చట్టం వినదు.

కనక నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. నిర్బంధ సైనికసేవను నేను కోరటం లేదు. రాజ్యం తలపెట్టే ప్రతి యుద్ధానికీ ప్రజల బిడ్డలు అప్పు పడి లేరు. నిజంగా దేశం మీదికి శత్రువు వచ్చి, ప్రజలే ఆత్మరక్షణకు లేవవలసిన రోజు వస్తే, అప్పుడు జాబితా రాసేవాడు స్త్రీయా పురుషుడా అని చూడకూడదు. ఇద్దరి పేర్లూ రాయాలి. మినహాయింపు ఇవ్వవలసి వస్తే, ఎవరి చేతుల మీద పసిబిడ్డ వుందో, ఎవరి భుజం మీద రోగి వున్నాడో చూసి ఇవ్వాలి. ఆ చెయ్యి మగచెయ్యి అయినా సరే. ధనవంతుడి కొడుక్కూ కూతురికీ దొడ్డిదారి వుండకూడదు. తిరిగి వచ్చిన స్త్రీకి భూమిలో, ఉద్యోగంలో, చరిత్రలో ఆమె భాగం ఆమెకు దక్కాలి. ఈ షరతుల్లో ఏది తప్పినా, ఆ సమానత్వం చానమ్మ పసుపుముద్ద వంటిదే.

దీనికి ఒక ఆక్షేపణ వుంది, దాన్ని దాటెయ్యను. మన సైన్యాల్లో, పోలీసుల్లో, స్త్రీ మీద జరిగే అత్యాచారాల సంగతి తెలిసికూడా ఆమెను బలవంతంగా ఆ చోటికి పంపవచ్చునా అంటారు. ఆక్షేపణ బరువైనదే. కాని దానికి జవాబు ఆ చోటును బాగుచెయ్యటమే. వీధిలో దుర్మార్గులున్నారని ఆడపిల్లను బడి మాన్పించిన తర్కం ఇదే. వీరేశలింగంగారి కాలం నుంచి మనం దానితో పోరాడుతూనే వున్నాం.

చివరికి రచయితల మాట. ఎల్లలో చచ్చిపోయిన కుర్రవాడి మీద కవితలు వస్తున్నాయి. వాటిలో తల్లి కన్నీరు దాచుకుని గర్వపడుతుంది, భార్య బిడ్డను కూడా సైన్యానికే పంపుతానంటుంది. ప్రోలమ్మనూ చానమ్మనూ మళ్ళీ మళ్ళీ పుట్టిస్తున్నాం. ఐతాంబను ఎవరూ రాయటం లేదు; నా కొడుకు వద్దు, ఈ యుద్ధం ఎందుకో నాకు చెప్పండి అన్న తల్లిని. కవాతు ముగించుకుని పెట్టె పట్టుకుని నౌపడ స్టేషన్లో దిగే ఆడపిల్లను, ఆమెను చూసి వీధి ఏమనుకుందో, ఆమె వీధిని చూసి ఏమనుకుందో, అదీ రాయటం లేదు. దళంలో పదేళ్ళు తిరిగి వచ్చిన స్త్రీకి పెళ్ళిలో ఏ వరసలో విస్తరి వేశారో రాయటం లేదు. ఇవి రాసేవరకూ మన పిల్లలు పోటీల్లో పాత పక్షాలే మాట్లాడతారు, మేము పాత పక్షాలకే బహుమతులు ఇస్తాం.

ఆ అమ్మాయి పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఈ సంచిక ఆమె చేతికి అందేట్టు చూస్తాను. బహుమతి ఇవ్వటానికి ఇప్పుడు ఆలస్యమయింది; తీర్పు మార్చుకోవటానికి కాలేదనుకుంటాను.